వైజాగ్‌కి రెండు రోజులు వస్తున్నారా? జేబుకి భారం కాని ఇటాలియన్ భోజనం ఇలా వెతుక్కోండి

మా చెల్లి వాళ్లది ఆమదాలవలస. ఏడాదికి రెండుసార్లు, దసరా సెలవుల్లో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి వైజాగ్‌లో మా ఇంటికి వస్తారు. చెల్లి, మరిది, ఇద్దరు పిల్లలు, చెల్లి అత్తగారు. రెండు రోజులుండి వెళ్తారు. కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం, జూ అన్నీ పిల్లలు చూసేసినవే. అందుకే రైలు దిగీ దిగగానే వాళ్లు అడిగే మాట ఒకటే: "పెద్దమ్మా, పాస్తాకి ఎప్పుడెళ్దాం?"

మూడేళ్ల కిందట వాళ్లని బీచ్ రోడ్డులో ఒక అద్దాల రెస్టారెంట్‌కి తీసుకెళ్లాను. సముద్రం కనిపిస్తుందన్న ఒక్క కారణంతోనే. శనివారం రాత్రి. గుమ్మం దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డాం. తీరా లోపల కూర్చున్నాక అద్దంలో మా మొహాలు తప్ప సముద్రం కనిపించలేదు, బయటంతా చీకటి. వైట్ సాస్ పాస్తా టేబుల్ మీదకి వచ్చేసరికి పైన పొర కట్టేసింది. చెల్లి అత్తగారు శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. "ఇందులో గుడ్డు ఉందా బాబూ?" అని అడిగితే కుర్రాడు "కనుక్కొని చెప్తానమ్మా" అని వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆవిడ ఆ రాత్రి రెండు గార్లిక్ బ్రెడ్ ముక్కలు తిని నీళ్లు తాగారు. బిల్లు 5,140 రూపాయలు. మరిది ఒక్క మాట అనలేదు. కానీ ఆ ట్రిప్పు కోసం వాళ్లు నాలుగు నెలలు దాచుకున్నారని నాకు తెలుసు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాను. నేను ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. నెలకి ఒకటి రెండుసార్లు మధ్యాహ్నం లంచ్ టైములో ఒక్కదాన్నే ఒక కొత్త చోటికి వెళ్లి, ఒక్క ప్లేటు తిని, బిల్లు దాచుకుని వస్తాను. ఇక్కడ రాసేదంతా అలా తెలుసుకున్నదే. రెస్టారెంట్ల పేర్లు మాత్రం రాయడం లేదు. వంటవాడు మారితే హోటల్ మారినట్టే, నిరుడు బాగున్న చోటు ఈ ఏడు బాగుంటుందన్న హామీ లేదు. ఎలా చూసుకోవాలో తెలిస్తే ఏ పేరున్న బోర్డు ముందైనా మీరే తేల్చుకోగలరు.

అన్నిటికన్నా ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఇటలీ వంటల్లో బాగా పేరున్నవి చాలావరకు పేదింటి వంటలు. వాళ్లే దాన్ని "కుచీనా పోవెరా" అంటారు, అంటే పేదల వంట. ఎండు పాస్తా, వెల్లుల్లి, ఆలివ్ నూనె, టమాటా, చిక్కుడు గింజలు, మిగిలిపోయిన నిన్నటి రొట్టె. మనకి చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఎలాగో వాళ్లకి అవి అలాగ. కాబట్టి మెనూలో తక్కువ ధర ఉన్నవి తక్కువ రకం అనుకోవద్దు. అసలు వంటలు అవే. ఖరీదైన వాటిలో క్రీమూ చీజూ పైన కప్పేసి వంటవాడి పొరపాట్లు దాచేస్తాయి. రెండొందల డెబ్భై రూపాయల ప్లేటులో దాచడానికి ఏమీ ఉండదు. నేను చోటు ఎంచుకునేదీ, డబ్బు మిగుల్చుకునేదీ ఈ ఒక్క లెక్క మీదే.

ఇక ఎక్కడ వెతకాలి? సముద్రం వైపు కాకుండా కాలేజీల వైపు చూడండి. ఆంధ్రా యూనివర్సిటీ చుట్టూ, అంటే సిరిపురం, చినవాల్తేరు, మద్దిలపాలెం, ఎంవీపీ కాలనీ వైపు రోజూ తినేది విద్యార్థులు, చిన్న ఉద్యోగాలవాళ్లు. రోజూ వచ్చేవాళ్లని నమ్ముకున్న హోటల్ ధర ఇష్టమొచ్చినట్టు పెంచలేదు, రుచి పోగొట్టుకోలేదు. బీచ్ రోడ్డులో చాలామంది ఒక్కసారి వచ్చి వెళ్లిపోయేవాళ్లే. సముద్రం చూడాలంటే ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చుని ముంత కింద పప్పు తింటూ చూడండి, దానికి అద్దెలేదు. భోజనానికి లోపలి వీధుల్లోకి రండి.

మీరు దిగిన చోటు నుంచి దూరం కూడా లెక్కలో వేసుకోవాలి. ఋషికొండలో రూమ్ తీసుకున్నవాళ్లు సిరిపురం దాకా వచ్చి వెళ్తే రానూపోనూ ఆటోకే ఒక పిజ్జా డబ్బు అయిపోతుంది. ఆ రోజు ఎలాగూ ఊళ్లోకి వచ్చే పని ఉంటే, ఆ పనికి మధ్యలో భోజనం పెట్టుకోండి. మేం సబ్‌మెరైన్, దాని ఎదురుగా ఉన్న విమానం మ్యూజియం చూసిన రోజు మధ్యాహ్నం సిరిపురం వైపు వెళ్తాం, దగ్గర కాబట్టి.

మధ్యాహ్నం అన్నాను చూశారా, అది ఊరికే అనలేదు. రాత్రి కన్నా మధ్యాహ్నమే మేలు. చాలా చోట్ల వారం మధ్యలో లంచ్ కాంబో ఉంటుంది: ఒక పాస్తా, ఒక ముక్క గార్లిక్ బ్రెడ్, ఒక డ్రింకు. రాత్రి మెనూలో అది కనిపించదు. పైగా మధ్యాహ్నం వంటింట్లో హడావుడి ఉండదు కాబట్టి అడిగినదానికి నిదానంగా జవాబు చెప్తారు. శుక్రవారం వచ్చి ఆదివారం వెళ్లిపోయేవాళ్లయితే ఈ భోజనాన్ని శుక్రవారం మధ్యాహ్నానికే పెట్టుకోండి. రాత్రులకి ఇడ్లీ, దోశ సరిపోతాయి.

గూగుల్ మ్యాప్స్‌లో స్టార్లు చూసి మోసపోకండి. నేను చూసేవి రెండే. ఒకటి, ఈ రెండు మూడు నెలల్లో తిన్నవాళ్లు పెట్టిన ఫొటోలు. హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలు కాదు. వాటిలో మెనూ ఫొటో ఉంటే ధరలు ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండోది, మూడు స్టార్లు ఇచ్చినవాళ్ల మాటలు. ఐదు ఇచ్చినవాళ్లు పొగిడి వదిలేస్తారు, ఒకటి ఇచ్చినవాళ్లు కోపంలో ఉంటారు. మూడు ఇచ్చినవాళ్లు "పిజ్జా బాగుంది, పాస్తా ఉప్పగా ఉంది, గంట పట్టింది" అని ఉన్నదున్నట్టు రాస్తారు.

బయల్దేరే ముందు ఒక ఫోన్ చేయండి. నేను ఇలా అడుగుతాను: "అండీ, మేం ఆరుగురం వస్తున్నాం, పిల్లలున్నారు. పాస్తా ఒక ప్లేటు ఇద్దరు పంచుకోవచ్చా? సర్వీస్ ఛార్జి వేస్తారా? గుడ్డు, మాంసం లేనివి ఏవో వంటింట్లో కనుక్కుని చెప్పగలరా?" ఫోన్లో విసుక్కున్న చోటికి నేను వెళ్లను. మూడో ప్రశ్నకి "ఒక్క నిమిషం ఉండండి మేడమ్" అని లోపలికి వెళ్లి కనుక్కొచ్చి చెప్పిన కుర్రాడు ఒకడున్నాడు. ఇప్పుడు మేం ప్రతిసారీ వెళ్లేది ఆ చోటికే.

మెనూ చేతికిచ్చాక తొందరపడకండి. ఇటాలియన్ పక్కన చైనీస్, తందూరీ ఉన్నంత మాత్రాన లేచి రానక్కర్లేదు. వైజాగ్‌లో అలాంటి చోట్ల కూడా నేను మంచి పాస్తా తిన్నాను. నేను చూసేది ఇటాలియన్ పేజీ ఎంత పొడవుందనేది. పాస్తాలే ముప్ఫై రకాలుంటే సాసులు నాలుగే ఉంటాయి, వాటినే అటూ ఇటూ కలిపి పేర్లు మారుస్తారు. పది లోపు ఉంటే వంటవాడికి ఒక్కొక్కటీ చేతికి అలవాటై ఉంటుంది. "ఎగ్జోటిక్ వెజ్" అని రాసి బ్రకోలీ, జుకినీ నాలుగు ముక్కలు వేసినందుకు ఎనభై, వంద ఎక్కువ తీసుకుంటారు. నేనయితే ఆ డబ్బుతో పిల్లలకి ఇంకో గార్లిక్ బ్రెడ్ చెప్తాను.

వైట్ సాస్ గురించి ఒక మాట. అది మైదా, వెన్న, పాలు కలిపి చేసేది. ఇటలీలో దాన్ని ఎక్కువగా లసాన్యా అనే వంటలో పాస్తా పొరల మధ్య వేస్తారు. ఇక్కడ పిల్లలకి ఇష్టం కాబట్టి అన్ని చోట్లా ఉంటుంది, తినొచ్చు. కానీ వేడి తగ్గగానే గడ్డ కడుతుంది, కాబట్టి వంటింటికి దగ్గరగా కూర్చుని వేడిగా తినాల్సిన వంట అది. మన నాలిక్కి దగ్గరగా ఉండేది అరాబియాటా. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. ఆ మాటకి అర్థమే కోపంగా ఉన్నది అని, కారం వల్ల ఆ పేరు. మెనూల్లో చౌకగా ఉండేవాటిలో అదొకటి. మా మరిది ఒకసారి తిన్నాక మళ్లీ వేరే పాస్తా అడగలేదు. రిసోట్టో మాత్రం చవక చోట్ల వద్దంటాను. గంజి ఎక్కువుండే ప్రత్యేకమైన బియ్యంతో, పొయ్యి దగ్గరే నిలబడి పద్ధెనిమిది ఇరవై నిమిషాలు కలుపుతూ చేయాలి. తక్కువ ధరకి అంతసేపు ఎవరు నిలబడతారు? అది మెత్తటి పెరుగన్నంలా వస్తుంది.

కొత్త చోటైతే మొదట ఒకే ఒక్క ప్లేటు చెప్పండి: స్పగెట్టి ఆలియో ఓలియో. పేరులో ఉన్నవే ప్లేటులో ఉంటాయి, వెల్లుల్లి, నూనె. పైన ఎండుమిర్చి తునకలు, కాస్త ఆకు. వెల్లుల్లి పలచగా తరిగి, నూనె బాగా కాగకముందే వేసి, సన్నని సెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా ఉంచాలి. కాస్త ఏమరుపాటుగా ఉంటే మాడి చేదొస్తుంది. తర్వాత పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పోసి కుదిపి కలిపితే, ఆ నీళ్లలో ఉన్న గంజి వల్ల నూనె పాస్తాకి అంటుకుంటుంది. ప్లేటు రాగానే ఫోర్కుతో స్పగెట్టిని ఒక పక్కకి జరిపి అడుగు చూడండి. నూనె విడిగా మడుగు కట్టి ఉంటే ఆ గరిటెడు నీళ్లు పొయ్యలేదన్నమాట. పళ్లెం అడుగు పలచగా మెరుస్తూ, నూనె అంతా పాస్తా మీదే ఉంటే వంటవాడికి పని వచ్చు. వెల్లుల్లి రేకు ఒకటి వేరుగా తీసి నమలండి, తియ్యగా ఉండాలి. పాస్తా పోగు పంటికి కొంచెం తగలాలి. ఇటలీలో దాన్నే అల్ డెంటే అంటారు. పెద్దవాళ్లకి, పిల్లలకి ఇంకాస్త ఉడకాలనుకుంటే ఆర్డరిచ్చేటప్పుడే "కొంచెం మెత్తగా" అని చెప్పండి, తప్పేమీ లేదు.

ఆ ప్లేటు బాగుంటే మిగతావి ధైర్యంగా చెప్పొచ్చు. బాగాలేకపోతే అది తినేసి బిల్లు కట్టి లేచి రావచ్చు, పోయేది ఒక్క ప్లేటు డబ్బే. ఆరుగురికీ ఒకేసారి ఆర్డరిచ్చేస్తే ఆ అవకాశం ఉండదు.

పిజ్జాకి మార్గరీటా. టమాటా, మొజరెల్లా చీజ్, తులసి జాతికి చెందిన బేసిల్ ఆకు, అంతే. ఇటలీలోని నేపుల్స్‌లో దాన్ని 430 నుంచి 480 డిగ్రీల కట్టెల పొయ్యిలో 60 నుంచి 90 సెకన్లలో కాలుస్తారు. అక్కడి పిజ్జా చేసే విద్యని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర చిన్న రెస్టారెంట్లలో ఎక్కువగా కరెంటు, గ్యాస్ ఓవెన్లే కాబట్టి అంత త్వరగా కాలదు. అయినా చూడాల్సింది అడుగే. ఒక ముక్క ఎత్తి కింద చూడండి. అక్కడక్కడ గోధుమరంగు మచ్చలుండి, పట్టుకుంటే ముక్క చివర కాస్త వంగినా నిలబడితే పిండి పులిసి, సరిగ్గా కాలిందని. అడుగంతా ఒకే తెలుపులో ఉండి తడిగా వేలాడిపోతే పిండి లోపల పచ్చిగా ఉన్నట్టే, పిల్లలకి కడుపునొప్పి.

సైజు దగ్గరే చాలామంది నష్టపోతారు. ఎనిమిది అంగుళాల పిజ్జా వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. పన్నెండు అంగుళాలది 113. అంటే చిన్నవి రెండు తెచ్చుకున్నా పెద్దదానంత రాదు. ధర మాత్రం పెద్దది చిన్నదానికి రెట్టింపు లోపే ఉండడం నేను చాలా మెనూల్లో చూశాను. పిల్లలు చెరో రుచి అడిగితే పెద్దదాన్నే సగం సగం చేసి ఇమ్మనండి. చాలా చోట్ల చేస్తారు.

ఇంట్లో శాకాహారులుంటే ఈ భాగం జాగ్రత్తగా చదవండి, చెల్లి అత్తగారి కోసం నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. అసలైన పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. అక్కడి నిబంధన ప్రకారమే అలా చేయాలి. పెకొరీనో రొమానోలోనూ జంతు రెన్నెట్టే. మన దేశంలో తయారై పచ్చచుక్కతో అమ్మే చీజ్‌లో అది ఉండదు. అందుకే చవక చోట్లే శాకాహారులకి నయం, వాళ్లు మామూలుగా దిగుమతి చీజ్ కొనరు. ఖరీదైన చోట "ఇంపోర్టెడ్ పార్మెజాన్" అని గొప్పగా రాస్తే ఆగి అడగండి. "చీజ్ పాకెట్ మీద పచ్చచుక్క ఉందా, ఒకసారి చూపిస్తారా?" అంటే చాలు. పెస్టో సాస్‌లో కూడా చీజ్ ఉంటుంది. పుట్టనెస్కా చూడ్డానికి టమాటా సాసే గానీ అందులో ఆంకోవీ అనే చిన్న చేపలు వేస్తారు. ఎండు పాస్తా మామూలుగా గోధుమ రవ్వ, నీళ్లు. "ఫ్రెష్ పాస్తా" అని రాస్తే గుడ్డు ఉండొచ్చు. స్వీట్లలో అయితే తిరమిసులో గుడ్డు, పన్నాకోటాలో జంతువుల నుంచి తీసే జెలటిన్. ఇంకొకటి, ఇటాలియన్ భాషలో పెపెరోనీ అంటే క్యాప్సికం. మన మెనూల్లో పెపరోనీ అంటే మాంసం సాసేజ్. మా చెల్లి ఒకసారి ఇంటర్నెట్‌లో మొదటిది చదివి, రెండోది అత్తగారికి ఆర్డరివ్వబోయింది.

ఇప్పుడు ఆవిడ అరాబియాటా గానీ, పచ్చచుక్క చీజ్‌తో మార్గరీటా గానీ తింటారు. "ఇది మన టమాటా పచ్చడి లాగే ఉందమ్మా" అని ఆవిడ మొదటిసారి అన్నప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చేపలు తినేవాళ్లకి వైజాగ్ కన్నా మంచి ఊరు ఏముంటుంది? కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. సెలవులకి జనం వచ్చేది సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో "సీఫుడ్ పాస్తా"లో వేసే స్క్విడ్, చేప ఎక్కువగా ఫ్రీజర్‌లోవి అయ్యుంటాయి. రొయ్యలు ఎక్కువగా చెరువుల్లో పెంచేవి కాబట్టి ఏడాది పొడుగునా తాజాగా దొరుకుతాయి. ఎండాకాలంలో రొయ్యలతో ఆలియో ఓలియో చెప్పుకోండి. దాని మీద చీజ్ వద్దనండి. ఇటలీలో చేపలు, రొయ్యల పాస్తా మీద మామూలుగా చీజ్ చల్లరు. ఇక్కడ దాని వల్ల ఎక్‌స్ట్రా చీజ్ డబ్బు కూడా మిగులుతుంది.

ఇక బిల్లు, ఇది నా ఉద్యోగానికి సంబంధించినది. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకి 7,500 దాటే పెద్ద హోటళ్ల లోపల ఉన్న రెస్టారెంట్లలో 18 శాతం. రెండు వేల బిల్లు మీద మొదటిచోట వంద, రెండోచోట 360. పెద్ద హోటల్‌లో మెనూ ధర కాస్త ఎక్కువే కదా అని కూర్చున్నవాళ్లకి ఈ తేడా చివర్లో తెలుస్తుంది. సర్వీస్ ఛార్జి అనేది పన్ను కాదు. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అది సరైనదే అంది. బిల్లులో ఆ లైను కనిపిస్తే "ఇది తీసేసి ఇస్తారా అండీ" అని మర్యాదగా అడగండి. నేను అడిగిన రెండుసార్లూ తీసేశారు. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. వడ్డించిన కుర్రాడికి ఇవ్వాలనుకున్నది అతని చేతికే ఇవ్వండి. కూర్చోగానే బాటిల్ మూత తీసేస్తుంటారు, ముందే "మామూలు నీళ్లు చాలు బాబూ" అనండి. ఆరుగురికి బాటిళ్లంటే ఇంకో సూప్ డబ్బు.

మొన్న దసరాకి మా ఆర్డరు ఇది: ఆలియో ఓలియో ఒకటి, అరాబియాటా రెండు, పన్నెండు అంగుళాల మార్గరీటా ఒకటి, గార్లిక్ బ్రెడ్ రెండు, పిల్లలకి నిమ్మ సోడాలు. ఆరుగురం తిన్నాం, జీఎస్టీతో కలిపి 1,869. మరిది ఈసారి బిల్లు నా చేతిలోంచి లాక్కుని మరీ కట్టారు.

పిజ్జా రెండు ముక్కలు మిగిలితే ప్యాక్ చేయించాం. పాస్తా మిగిలితే అక్కడే పంచుకుని తినేయండి, అట్టపెట్టెలో పెడితే గంటకి ముద్దయిపోతుంది. పిజ్జా అలా కాదు. ఇంటికొచ్చాక దోశల పెనం సన్నని సెగ మీద పెట్టి, ముక్క వేసి, పక్కన నాలుగు నీటి చుక్కలు చల్లి మూత పెట్టండి. మూడు నాలుగు నిమిషాలకి అడుగు కరకరలాడుతుంది, పైన చీజ్ మళ్లీ కరుగుతుంది. మా చిన్నది సాయంత్రం రైలెక్కే ముందు ఆ ముక్కే తిని వెళ్లింది.